తట్ట దించాకే అంకె

రాసుకో. కంటి ఆపరేషన్ అయ్యాక నెల రోజులు కంప్యూటర్ తెర వైపు చూడొద్దన్నారు కాబట్టి నేను చెబుతాను, నువ్వు టైపు చెయ్యి. మీ కాలేజీలో డేటాగ్రామ్ సాకెట్ల మీద సి ప్రోగ్రామ్ రాసుకురమ్మన్నారనీ, పంపిన మాట అవతలికి చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలో నీకు అంతుపట్టడం లేదనీ అన్నావు. తోట మోటరు కోసం నేను రాసిన ప్రోగ్రామ్ ఇచ్చేస్తే సరిపోతుందన్నావు. ఇస్తాను. కానీ అది ఎలా తయారైందో వినకుండా తీసుకుంటే నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావు. నా తప్పుకి మీ తాతయ్య చేత్తో పాతిన మొక్కలు పోయాయి.

నీకు తెలుసుగా, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పాఠం చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు. పిల్లల వెనకాల నిలబడి వాళ్ళ ప్రోగ్రాములు ఎందుకు నడవడం లేదో చూడడం నా పని. సెమికోలన్లు వెతికి వెతికే ఈ కళ్ళు పోయాయని మీ తాతయ్య అంటారు. రిటైరయ్యాక ఇక కంప్యూటర్ ముఖం చూడనక్కర్లేదనుకున్నాను. చర్చికి వెళ్ళడం, నాలుగు పూలమొక్కలు, మధ్యాహ్నం ఒక కునుకు, అంతే నా కోరిక. ఆ కునుకు ఇప్పటికీ తీరలేదు.

తోట ఇంటికి మైలు పైన ఉంటుంది, రెడ్డిగూడెం దారిలోంచి లోపలికి వెళ్ళాలి. ఒక గాలివానకి పెద్దరసం మామిడి చెట్లు వరసగా పడిపోయాయి. మీ తాతయ్య రెండు రోజులు ఆ పడిన చెట్ల చుట్టూనే తిరిగారు. మూడో రోజు లేచి విస్సన్నపేట వైపు నర్సరీకి వెళ్ళి అరవై అంటు మొక్కలు తెచ్చారు. గోతులు తీసింది కూలీలే అయినా ప్రతి మొక్కా తనే కూర్చుని పాతారు. అప్పటికే మోకాళ్ళు బాగాలేవు. కూర్చుంటే లేవలేరు, అందుకని ఒక గోతి దగ్గర్నుంచి ఇంకో గోతికి కూర్చునే జరిగారు. పంచె నిండా ఎర్రమట్టి. 

"ఈ వయసులో మనకి మొక్కలెందుకండీ?" అన్నాను.

"మొక్క వయసు అడుగు, నా వయసు కాదు," అన్నారు.

అంటు మొక్క మొదటి ఎండాకాలం దాటిందంటే ఇక భయం లేదు. ఆ మొదటి ఎండాకాలం రాకముందే, మార్చిలో, ఆయనకి విజయవాడలో మోకాళ్ళ ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. ఇంట్లో వాకర్‌తో నాలుగడుగులు వెయ్యొచ్చు, తోటగట్లు మాత్రం మూడు నెలలు తొక్కకూడదన్నారు. ఆసుపత్రి మంచం మీద మత్తు దిగీ దిగకుండానే నా చెయ్యి పట్టుకుని, "మొక్కలు నీ పూచీ," అన్నారు. ఆ పరిస్థితిలో కాదని ఎవరు అంటారు?

డ్రిప్పు పైపులు అడవిపందులు కొరికి పారేశాయి. కాబట్టి బోరు మోటరు వేసి కాలువలో నీళ్ళు వదిలితే ఒక పాదులోంచి ఇంకో పాదుకి పారాలి. త్రీఫేజ్ కరెంటు పగలే వస్తుంది గానీ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆయనకి వ్యాయామాలు చేయించి, మందులిచ్చి, వంట చేసి, కరెంటు వచ్చినప్పుడల్లా మైలు నడిచి మోటరు వేసి రావడం నా వల్ల కాలేదు. నా మోకాళ్ళు మాత్రం ఇనుపవా?

సిమ్ కార్డుతో నడిచే స్టార్టర్లు ఊళ్ళో చాలామందికి ఉన్నాయి. మనమూ ఒకటి పెట్టించాం. మన బోరు పల్లంలో ఉంది, అక్కడికి ఫోను సిగ్నల్ అందదు. అందుకని డాబా మీదొక వైఫై డిష్షు, మోటరు షెడ్డు మీదొక డిష్షు పెట్టించి, షెడ్డులో అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్ బోర్డు బిగించాను. ఇంట్లోంచి నా ప్రోగ్రామ్ 'గంట నడుపు' అని పంపితే అక్కడి బోర్డు స్టార్టర్‌ని నొక్కాలి. వినడానికి ఇంతే.

మొదట టీసీపీతోనే రాశాను, అంటే ఫోనులా ముందు లైను కలుపుకుని తర్వాత మాట్లాడే పద్ధతి. మధ్యలో ఉన్న చెట్ల కొమ్మ ఊగితే సిగ్నల్ పోతుంది, గాలి ఆగితే వస్తుంది. తెగినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచీ కలుపుకోవాలి. అటువైపు తెగిందని ఇటువైపు తెలిసేసరికి నా పొయ్యి మీద కూర మాడిపోయేది. ఒక్క మాట పంపడానికి ఇంత తతంగం దేనికని డేటాగ్రామ్‌కి మారాను. అందులో ముందుగా కలుపుకోవడం ఉండదు. 'సెండ్‌టు' అన్నావంటే మాట వెళ్ళిపోతుంది. ఎటు వెళ్ళింది, చేరిందా, మధ్యలో పోయిందా, ఎవరూ చెప్పరు. సెండ్‌టు తప్పేమీ లేదని తిరిగొచ్చినా నీ మాట గడప దాటిందనే అర్థం. ఇది గుర్తు పెట్టుకో, నీ వైవాలో అడుగుతారు.

చేరిందో లేదో తెలియాలంటే అవతలివాడు జవాబు చెప్పాలి. సరే, జవాబు కోసం 'రిసీవ్‌ఫ్రమ్' పెట్టాను. జవాబు దారిలో పోతే అది అక్కడే కూర్చుంటుంది. కదలదు, మెదలదు. మొదటి రోజు దాని ముందు బియ్యం ఏరుకుంటూ గంటసేపు కూర్చున్నాను. అదీ నేనూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకుంటూ. అప్పుడు 'సెలెక్ట్' పెట్టి, రెండు సెకన్లు చూడు, రాకపోతే మళ్ళీ పంపు, పదిసార్లు పంపినా రాకపోతే 'తోట పలకడం లేదు' అని తెర మీద రాయి, అన్నాను.

అది బాగానే ఉందనుకుంటే, ఒకనాడు షెడ్డుకి మాట చేరింది, మోటరు నడిచింది, షెడ్డు పంపిన జవాబు మాత్రం నాకు రాలేదు. నా ప్రోగ్రామ్ మళ్ళీ 'గంట నడుపు' అంది. షెడ్డులో బోర్డు ఇంకో గంట కలుపుకుంది. అలా మూడుసార్లు. నాలుగు గంటలు నీళ్ళు పారి, గట్టు దాటి పక్క చేను ఆయన ఆరబోసుకున్న మినుప కుప్ప కిందికి పోయాయి. ఆయన పొద్దున్నే మన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటండీ టీచరుగారూ, మీ మోటరుకి ఆగడం నేర్పలేదా?"

"పొరపాటైందండీ, క్షమించండి."

"క్షమించడానికేముందండీ. మినుములు నానబెట్టడం అయిపోయింది, రుబ్బడం కూడా మీరే కానివ్వండి!"

లోపల మంచం మీంచి మీ తాతయ్య పకపకా నవ్వారు. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి నవ్వడం. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజు కుర్చీలో కూలబడి ఆలోచిస్తుంటే మా నాన్న తోట గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు కాయకోతల్లో నాకొక ఉద్యోగం ఉండేది, అంకె పిలవడం. గెడకర్రకి వల కట్టిన చిక్కంతో కోసిన కాయ తట్టల్లోకి ఎత్తేవాళ్ళు. కింద నిలబడిన మనిషి ఒక్కో తట్ట ట్రాక్టరు మీది మనిషికి అందిస్తుంటే నేను అంకె పిలవాలి. మొదటి తట్టకి ఒకటి అనకూడదు, లాభం అనాలి. తర్వాత రెండు, మూడు. పైమనిషి అదే అంకె తిరిగి అనాలి. అంటేనే నేను తర్వాతి అంకెకి వెళ్ళాలి. ఆయన అనకపోతే, చప్పుడులో వినపడకపోతే, మళ్ళీ అదే అంకె పిలవాలి గానీ ముందుకి పోకూడదు. పన్నెండు అని రెండుసార్లు వినపడితే పైమనిషికి తెలుసు, అది కొత్త తట్ట కాదని, పిల్ల మళ్ళీ అడుగుతోందని. తట్ట ఎత్తడు, 'పన్నెండే తల్లీ' అని మళ్ళీ చెబుతాడు, అంతే.

లేచి ప్రతి మాటకీ ఒక అంకె పెట్టాను. అదే అంకెతో మళ్ళీ వస్తే షెడ్డు పని మళ్ళీ చెయ్యకూడదు, జవాబు మాత్రం మళ్ళీ పంపాలి. ఇలా రాసుకో, ఇది మీ పుస్తకంలో కూడా ఉంటుంది. పుస్తకంలో ఉండనిది తర్వాత చేశాను.

మా ఇంట్లో ఆడపిల్లలకి ఒక అలవాటు చేశారు. పెద్దవాళ్ళు పిలిస్తే ముందు పలకాలి. పిండిలో చెయ్యి ఉన్నా, తల మీద నీళ్ళు పోసుకుంటున్నా, "ఆఁ, వస్తున్నా!" అనాలి. వెళ్ళడం తర్వాత సంగతి. పలక్కపోతే వీపు విమానం మోతే. అరవై దాటినా ఆ భయం పోలేదనుకుంటా. షెడ్డు ప్రోగ్రామ్‌లో జవాబు పంపే వరస ముందు రాశాను, స్టార్టర్ నొక్కే వరస దాని కింద రాశాను. పైగా దానికి నా దగ్గర సబబైన కారణం కూడా ఉంది. మోటరు పూర్తిగా వేగం అందుకోవడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. అప్పటిదాకా జవాబు ఆపితే ఇంట్లో ప్రోగ్రామ్ ఊరికే మళ్ళీ మళ్ళీ పంపుతుంది. అందుకని, ముందు పలుకు, తర్వాత చెయ్యి. జవాబు రాగానే నా తెర మీద 'మోటరు నడుస్తోంది' అని పచ్చటి అక్షరాలు వచ్చేలా పెట్టాను.

మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. తోటపని చూసే మనిషి ఉందిగా, మొదట్నుంచీ మన దగ్గరే చేస్తున్నావిడ, ఆవిడ రోజూ సాయంత్రం వెళ్ళి పాదులు చూసొచ్చేది. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి కాయకోతలు ముమ్మరమయ్యాయి. రెడ్డిగూడెం తోటల్లో పనుందని, వ్యాను తెల్లారకముందే వస్తోందని, వారం రోజులు రాలేనంది. నేను సరేనన్నాను. నా ప్రోగ్రామ్ ఉందిగా.

సోమ, మంగళ, బుధ, గురువారాలు. రోజూ కరెంటు రాగానే పంపాను. రోజూ మొదటిసారికే జవాబొచ్చింది, పచ్చటి అక్షరాలొచ్చాయి. లోపల్నుంచి ఆయన అడిగేవారు.

"పెట్టావా?"

"పెట్టానండీ."

ఎండ ముదిరింది. శ్రమల వారం కాబట్టి సాయంత్రాలు చర్చిలో ప్రార్థనలు. ఒకసారి తోట దాకా వెళ్ళొద్దామా అని బుధవారం అనుకున్నాను. చెప్పులేసుకున్నాను కూడా. ఒళ్ళు సహకరించలేదు, విప్పేశాను.

గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో ఏడు మాటల ప్రార్థన అయ్యి నేను ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. కోతలు సగం పూటకే అయిపోతే వస్తూ వస్తూ మన తోటలో దిగిందట.

"అమ్మగారూ, మొక్కలకి నీళ్ళు ఆపమన్నారా అయ్యగారు?"

"ఆపడమేంటి? రోజూ పెడుతున్నాను."

"ఎక్కడ పెడుతున్నారమ్మా, ఫోనులోనా? పాదులు బీటలు తీసున్నాయి."

ఆటో పిలిచి ఇద్దరం వెళ్ళాం. లేత ఆకులన్నీ దోనెల్లా ముడుచుకుపోయాయి. చివర రెండు వరసల్లో ఆకు పట్టుకుంటే గలగలమంది. షెడ్డులోకి వెళ్ళి స్టార్టర్ డబ్బా తెరిస్తే లోపల కాంటాక్టుల మధ్య ఒక బల్లి, ఎండిపోయి. బోర్డు నొక్కుతూనే ఉంది, బల్లి అడ్డంగా ఉంది, కాంటాక్టు కలవలేదు, మోటరు తిరగలేదు. నా మాటలన్నీ చేరాయి, ఒక్కటీ పోలేదు. జవాబులన్నీ వచ్చాయి. నీళ్ళు మాత్రం రాలేదు.

పక్క చేను ఆయన గట్టు మీదికొచ్చాడు. "నాలుగు రోజులుగా మీ మోటరు చప్పుడు లేదండీ. పోన్లే, నా కోసం జాగ్రత్త పడుతున్నారనుకున్నా," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. 

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఆవిడ పుల్లతో బల్లిని తీసి అవతల పారేసింది.

"అది కాదమ్మా, మోటరు తిరక్కుండానే తిరిగిందని మీ డబ్బా ఎట్లా చెప్పింది?"

"మాట వినగానే పలకమని నేనే చెప్పాను."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది. "చేతిలో తట్ట ఉండగానే అంకె చెప్పేస్తోందన్నమాట! ట్రాక్టరు మీద అలా చెప్పేవాణ్ణి మా మేస్త్రీ ఆ పూటే దింపేస్తాడు."

నిజమే. మా నాన్న తోటలోనూ అంతే. పైమనిషి తట్ట అందుకున్నప్పుడు నోరు విప్పడు. వెనక్కి తిరిగి, గడ్డి పరిచిన చోట తట్ట దించి, చెయ్యి తీశాక అప్పుడు చెబుతాడు అంకె. చేతిలో ఉన్న తట్ట జారి పడొచ్చు. అంకె అనేశాక పడితే ఆ కాయలెక్కడికి పోయాయో ఇక ఎవరికీ తెలియదు. పదేళ్ళ పిల్లనప్పుడు నాకు తెలిసిన సంగతి అది. ఇన్నేళ్ళు ల్యాబ్‌లో పిల్లల తప్పులు పట్టిన మనిషిని, ఇది మర్చిపోయాను.

మోటరు వేశాం. చివరి వరసలకి నీళ్ళు పారేదాకా ఆగలేక బిందెలతో మోశాం. ఇంటికొచ్చేసరికి నా చీర మోకాళ్ళ దాకా మట్టి. ఆయన వాకర్ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చునున్నారు. మట్టి చూశారు. దాచడానికి ఇంకేముంది, చెప్పేశాను.

"నాలుగు రోజులూ నేను అడిగిన ప్రతిసారీ పెట్టానన్నావు."

"తెర మీద అలాగే ఉందండీ."

"ఆ తెర మీద రాసిందెవరు?"

"నేనే."

ఆయన వాకర్ దగ్గరికి లాక్కుని, మెల్లగా లేచి లోపలికి వెళ్ళారు. తిట్టినా బాగుండేది. బోర్డుకైతే వినగానే పలకమని నేను రాశాను, నాకు ఎవరు రాశారు? ఆయన అడగ్గానే, చూసింది లేదు, వెళ్ళింది లేదు, పెట్టానండీ అన్నాను. ఆ రాత్రి ఆయన పెరుగన్నం సగం వదిలేశారు.

తర్వాత వారం రోజులూ రోజు విడిచి రోజు నడిచే వెళ్ళాను. కొన్నిటికి మళ్ళీ చిగురు తిరిగింది. పదకొండు తిరగలేదు.  

అప్పుడు మళ్ళీ కూర్చున్నాను, ఒళ్ళు ఎంత వద్దంటున్నా. ఇప్పుడు నీకిచ్చే ప్రోగ్రామ్ అదే. షెడ్డు రెండు జవాబులు చెబుతుంది. మాట అందగానే 'విన్నాను' అంటుంది. దాంతో ఇంట్లో ప్రోగ్రామ్ మళ్ళీ మళ్ళీ పంపడం ఆపుతుంది, అంతకు మించి ఏమీ నమ్మదు. అన్నిటికంటే చివరి పాదులో ఒక తేలే బుడ్డి పెట్టి, దాని తీగ షెడ్డు దాకా లాగించాను. నీళ్ళు అక్కడికి చేరి బుడ్డి తేలితేనే రెండో జవాబు, 'పారింది'. ఆ 'పారింది' కూడా దారిలో పోవచ్చు కదా, అందుకని ఇంటి నుంచి 'అందింది' అని వెళ్ళేదాకా షెడ్డు దాన్ని పంపుతూనే ఉంటుంది. గంటలో 'పారింది' రాకపోతే తెర మీద ఎర్రగా 'వెళ్ళి చూడు' అని వస్తుంది. పచ్చ రంగు మొత్తం తీసేశాను.

మే నెలలో ఒకసారి ఆ ఎర్రక్షరాలొచ్చాయి. మిట్టమధ్యాహ్నం. ఏడుపొచ్చింది గానీ గొడుగేసుకుని వెళ్ళాను. కాలువకి ఎలక బొరియ పెట్టింది, నీళ్ళన్నీ అందులోకి పోతున్నాయి. ఆవిడ వచ్చి మట్టి ముద్దలతో పూడ్చింది. "ఈసారి మీ డబ్బా అబద్ధం చెప్పలేదమ్మా," అంది. మిగిలిన నలభై తొమ్మిదీ ఆ ఎండాకాలం దాటాయి.

వానలు పడ్డాక మీ తాతయ్య కర్ర పట్టుకుని తోటకొచ్చారు. నర్సరీ నుంచి పదకొండు తెప్పించారు. కింద కూర్చోకూడదని ప్లాస్టిక్ స్టూలు వేయిస్తే దాని మీద కూర్చుని పాతారు. స్టూలు ఒక గోతి దగ్గర్నుంచి ఇంకో గోతికి మొయ్యడం నా పని. ఆయన నాతో ఆ నాలుగు రోజుల గురించి ఇప్పటికీ ఏమీ అనలేదు. కానీ రోజుకోసారి అడిగేవారు కాస్తా ఇప్పుడు పూటకి మూడుసార్లు అడుగుతారు. అది ఆ పదకొండిటికీ ఇది మొదటి ఎండాకాలం కాబట్టేనని పైకి అంటాను.

ఇవాళ కరెంటు ఎన్నింటికొచ్చింది? సరే, నువ్వు పంపావు కదా. తెర నేను చూడకూడదు, నువ్వే చూసి చెప్పు, ఏముంది?

అదుగో, వరండాలోంచి అడుగుతున్నారు.

"నీళ్ళు పెట్టారా?"

ఆగు, ఆఁ అనకు. తెర మీద ఏముందో ముందు నాకు చెప్పు. 'విన్నాను' అనేనా? అయితే నోరు విప్పకు. మోటరు తిరిగినా నీళ్ళు ఇంకా కాలువలోనే ఉంటాయి, చివరి పాదుకి ఇంకో అరగంట పడుతుంది. ఆయన మళ్ళీ అడుగుతారు. అడగనీ. నాకూ ఓపిక లేదు, అయినా అడగనీ.